ఆవిరిలో దాగిన ఎండ

మామిడి పూత పట్టే పుష్యమాసం నుంచి తోతాపురి కాయ బంగారుపాళ్యం మార్కెట్ యార్డుకు చేరే ఆషాఢం దాకా, ఈ మండలపు రైతు చూపు తోట మీద ఎంత ఉంటుందో ఆకాశం మీదా అంతే ఉంటుంది. ఆ ఆకాశంలో జరిగే పనుల భౌతికశాస్త్రమే ఈ స్మారకోపన్యాసానికి విషయం. పల్లె పిల్లలకు విజ్ఞానశాస్త్రాన్ని వాళ్ళ వాడుక మాటల్లో బోధించిన ఒక ఉపాధ్యాయుని స్మృతికి నివాళిగా ఏర్పాటైన సభ ఇది. ఆయన శిష్యులు, మామిడి రైతులు, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు, విద్యార్థులు ఇక్కడ కూడారు. అందరికీ తెలిసిన ఆకాశాన్నే తీసుకుని, దాని వెనకున్న కారణాల వరుసను తుదికంటా అనుసరించడం ఆ స్మృతికి తగిన పని.

చలికాలపు తెల్లవారుజామున ఆకుల మీద నిలిచే మంచు, మొగిలి ఘాట్‌లో దారి కనబడనీయని పొగమంచు, చైత్ర వైశాఖాల్లో పొద్దువాలే వేళ విరుచుకుపడే ఉరుముల వాన, ఆ వానకు ముందు కాయను రాల్చే ఈదురుగాలి, వడగళ్ళు, పిడుగులు, ఏటా రెండుసార్లు దిక్కు మార్చే ఋతుపవనం. చూపుకు ఇవి వేర్వేరు సంగతులు. వీటన్నిటినీ నడిపే వ్యవహారం మాత్రం ఒక్కటే. నీరు ఆవిరి అయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని తనలోకి తీసుకుంటుంది. ఆవిరి తిరిగి నీరయ్యేటప్పుడు ఆ వేడిని పూర్తిగా బయటపెడుతుంది. తీసుకున్నది ఒక చోట, ఇచ్చేది మరొక చోట; నడుమ దూరం వందల కిలోమీటర్లు ఉండవచ్చు, కాలం కొన్ని వారాలు ఉండవచ్చు. సముద్రం మీద పడిన ఎండ చిత్తూరు జిల్లా కొండల మీద గాలివాన కావడానికి దారి ఇదే. ఈ సంగతి మనుషులకు తెలిసి ఇంకా మూడు వందల ఏళ్ళు కాలేదు.

భూవాతావరణపు పైఅంచుకు సూర్యుడి నుంచి చదరపు మీటరుకు సుమారు 1361 వాట్ల శక్తి చేరుతుంది. మబ్బు లేని ఏప్రిల్ మధ్యాహ్నం అందులో వెయ్యి వాట్ల దాకా నేలను తాకుతుంది. ఆ వెయ్యి వాట్లతో నేల ఏం చేస్తుందన్నది అక్కడ తడి ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. దున్ని వదిలేసిన ఎర్రనేలలో తడి లేదు గనుక శక్తిలో ఎక్కువ భాగం మట్టినీ, మట్టిని ఆనుకున్న గాలినీ వేడెక్కించడానికే పోతుంది. నేల 50 డిగ్రీలు దాటుతుంది, దాని మీద సుడిగాలులు లేస్తాయి. చెన్నై–బెంగళూరు రహదారి మీద నీటి మడుగుల్లా మెరిసే ఎండమావులు కూడా ఆ పలుచని వేడిగాలి పొర చేసే పనే: రోడ్డును ఆనుకున్న గాలి పైగాలి కంటే పలచబడి, ఆకాశం నుంచి ఏటవాలుగా దిగే వెలుగును పైకి వంచుతుంది. 1798లో నెపోలియన్ సేనతో ఈజిప్టు వెళ్ళిన గణితవేత్త గాస్పార్ మోంజ్ దీనికి శాస్త్రీయ వివరణ ఇచ్చాడు. అదే ఎండ నిండు చెరువు మీదో, తడి పారిన చెరకు మడి మీదో పడితే ఉష్ణోగ్రత అంతగా పెరగదు. శక్తి ఎక్కడికీ పోలేదు, ఆవిరిలోకి చేరింది.

ఎంత చేరుతుందో ఇంటి మూలనున్న మట్టి కుండ చెబుతుంది. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు చెమర్చి, బయట ఆవిరవుతుంది. ఈ ప్రాంతపు ఉష్ణోగ్రతల్లో ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కేలరీలు కావాలి. ఒక గ్రాము నీటిని ఒక్క డిగ్రీ వేడి చేయడానికి ఒక కేలరీ చాలు. పది లీటర్ల కుండలో 200 గ్రాముల నీరు ఆవిరైతే, బయటి వేడి లోపలికి రాదనుకుంటే, మిగిలిన నీరు పదకొండు డిగ్రీలకు పైగా చల్లబడాలి. చల్లదనానికి ఒక హద్దు కూడా ఉంది. 40 డిగ్రీల ఎండలో గాలిలోని తేమ 20 శాతమే ఉంటే, ఎంత చెమర్చినా కుండ నీరు 22 డిగ్రీల ప్రాంతంలో ఆగిపోతుంది. కార్తీకమాసపు ముసురులో అదే కుండ, అదే నీరు. చల్లదనం మాత్రం ఉండదు. గాలి అప్పటికే ఆవిరితో నిండి ఉంది. కుండ చల్లదనాన్ని మట్టి గుణంగా చెప్పుకోవడం అలవాటు. నిజానికి అది ఆ పూట గాలికి ఎంత ఆవిరిని తీసుకునే శక్తి ఉందో తెలిపే కొలత.

గాలికి ఉన్న ఆ శక్తి ఉష్ణోగ్రతతో పాటు వేగంగా పెరుగుతుంది. పది డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు చోటులో సుమారు 9 గ్రాముల ఆవిరికి మించి నిలవదు. 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములు, 30 దగ్గర 30, 40 దగ్గర 51. పది డిగ్రీలు చల్లబడితే హద్దు సగానికి దగ్గరగా పడిపోతుంది. ఈ ఉపన్యాసంలో ఇకమీద వచ్చే ప్రతి సంగతికీ ఈ నాలుగు అంకెలే ఆధారం.

ఆవిరి వేడిని దాచుకుంటుందని మొదట కొలిచి చూపినవాడు స్కాట్లాండ్‌కు చెందిన జోసెఫ్ బ్లాక్. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో వైద్యమూ రసాయనమూ బోధిస్తూ, 1760ల మొదట్లో ఆయన చేసిన ప్రయోగాలకు సంక్లిష్టమైన పరికరాలేవీ అవసరం కాలేదు. మరిగే నీటి కింద ఎంత మంట పెట్టినా ఉష్ణమాపకంలో పాదరసం కదలదు. మంట వేడి ఎక్కడికి పోతున్నట్టు? అప్పటిదాకా ఆ ప్రశ్నే సరిగా ఎవరికీ తట్టలేదు. మరుగు మొదలయ్యాక నీరు పూర్తిగా ఆవిరవడానికి ఎంత సమయం పడుతుందో, అదే నీటిని మామూలు వేడి నుంచి మరుగు దాకా తేవడానికి ఎంత సమయం పట్టిందో పోల్చి, ఉష్ణమాపకానికి అందకుండా పోయిన వేడిని ఆయన లెక్కగట్టాడు. దానికి గుప్తోష్ణం అని పేరు నిలిచింది. ఆవిరి యంత్రాన్ని మెరుగుపరిచిన జేమ్స్ వాట్ ఆ రోజుల్లో ఆయనకు సన్నిహితుడు. యంత్రాల చరిత్రలో ఈ సంగతి అందరికీ తెలుసు; ఆకాశపు చరిత్రలో దాని స్థానం అంతకంటే పెద్దది.

ఇక మంచు సంగతి. అది పైనుంచి రాలుతుందని కొందరు, నేలలోంచి లేస్తుందని కొందరు శతాబ్దాల పాటు వాదించారు. లండన్‌లో వైద్యుడిగా ఉన్న విలియం చార్లెస్ వెల్స్ ఒకే తూకపు ఉన్ని కుచ్చులను తోటలో రకరకాల చోట్ల రాత్రంతా ఉంచి, తెల్లవారాక తూచి చూశాడు. ఆకాశం పూర్తిగా కనిపించే చోట ఉంచిన కుచ్చు ఎక్కువ తడిసింది; పైన చిన్న పలక అడ్డున్నా తడి తగ్గింది. 1814లో ఆయన ప్రచురించిన గ్రంథం వివాదాన్ని ముగించింది. రాత్రి పూట ప్రతి వస్తువూ తన వేడిని కంటికి కనిపించని కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. మబ్బులేని రాత్రి తిరిగి వచ్చేది తక్కువ గనుక ఆకు తన చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. ఆకును తాకిన గాలి హద్దు దాటగానే ఆవిరి అక్కడే నీరవుతుంది. మిద్దె మీద పడుకున్నవారి దుప్పటి తెల్లవారేసరికి తడిసి, పందిరి కింద పడుకున్నవారిది పొడిగా ఉండడానికి కారణం ఇదే. మబ్బు పట్టిన రాత్రి మంచు పడకపోవడానికీ ఇదే, ఎందుకంటే మబ్బు తన వేడిని నేలకు తిరిగి పంపుతుంది. వెల్స్ వాదానికి భారతదేశం నుంచి వెళ్ళిన సాక్ష్యం కూడా తోడ్పడింది. అలహాబాదు ప్రాంతంలో చలికాలపు రాత్రుల్లో లోతులేని మట్టి మూకుళ్ళలో నీరు పోసి, గడ్డి మీద ఆరుబయట ఉంచి మంచుగడ్డ తయారుచేసే పద్ధతిని రాబర్ట్ బార్కర్ 1775లో లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. గాలి సున్నా డిగ్రీలకు దిగకపోయినా మూకుడులో నీరు గడ్డకట్టేది.

మామిడి రైతుకు ఈ జ్ఞానం నేరుగా పనికొస్తుంది. పూతను మాడ్చే పక్షికన్ను తెగులు బీజాలు మొలకెత్తాలంటే పువ్వు మీద నీటి తడి కొన్ని గంటలు నిలవాలి. తెగులుకు కావలసింది చలి కంటే తడి నిలిచే గంటలు. సాయంత్రం ఆకాశం తేటగా ఉండి, గాలి ఆగి, పగటి తేమ ఎక్కువగా ఉంటే ఆ రాత్రి తడి ఎక్కువసేపు నిలుస్తుందని ముందే చెప్పవచ్చు. మంచు పట్టేటప్పుడు బయటపడే గుప్తోష్ణం ఆకును మరింత చల్లబడకుండా ఆపుతుంది కూడా. అందుకే తేమ ఉన్న రాత్రుల్లో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక హద్దు దగ్గర నిలబడిపోతుంది.

ఆకు మీద కాకుండా గాలిలోనే ఆవిరి నీరవ్వాలంటే పట్టు దొరకాలి. పూర్తిగా శుభ్రమైన గాలిలో తేమ హద్దుకు అనేక రెట్లు మించినా చుక్క ఏర్పడదు. 1875లో ఫ్రాన్స్‌లో కూలియే, ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే స్కాట్లాండ్‌లో జాన్ ఐట్‌కెన్ ఈ సంగతి గుర్తించారు. సముద్రపు ఉప్పు, పొగ, దుమ్ము రేణువుల మీదనే మేఘపు చుక్కలు పుడతాయి. ఐట్‌కెన్ పని ముందుకు సాగిన తీరు విజ్ఞానశాస్త్ర చరిత్రలోని గొప్ప మలుపుల్లో ఒకటి. 1894 సెప్టెంబరులో బెన్ నెవిస్ కొండ మీది వేధశాలలో కొన్ని వారాలు గడిపిన సి.టి.ఆర్. విల్సన్, మేఘాల మీద సూర్యకాంతి వేసే రంగు వలయాలను చూసి, వాటిని ప్రయోగశాలలో సృష్టించాలని గాజుపాత్రలో మేఘం చేయడం మొదలుపెట్టాడు. ఆ పాత్రే పరమాణువు కన్నా సూక్ష్మమైన కణాల జాడలు చూపే మేఘమందిరమైంది. 1927లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చింది. కొండ మీద మబ్బును చూసిన కుతూహలం పరమాణు భౌతికశాస్త్రానికి దారి తీసింది.

బంగారుపాళ్యం దాటి పడమటికి వెళ్ళే ప్రయాణికుడు మొగిలి ఘాట్‌లో మేఘం పుట్టే చోటు గుండానే వెళతాడు. చిత్తూరు సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది, పలమనేరు 700 మీటర్ల దరిదాపుల్లో ఉంది. పైకెక్కే గాలి మీద ఒత్తిడి తగ్గుతుంది, అది వ్యాకోచిస్తుంది, ఆ పనికి తన సొంత వేడినే ఖర్చు పెడుతుంది. మేఘం ఏర్పడేదాకా ప్రతి వంద మీటర్లకూ దాదాపు ఒక డిగ్రీ చొప్పున చల్లబడుతుంది. కింద గాలి 24 డిగ్రీలు ఉండి, 21 డిగ్రీల దగ్గర ఆవిరి నీరయ్యేంత తేమ అందులో ఉందనుకుందాం. తేడా మూడు డిగ్రీలు. డిగ్రీకి 125 మీటర్ల చొప్పున 375 మీటర్లు ఎక్కేసరికి ఆ గాలి మేఘం కావాలి. అంటే పలమనేరు పీఠభూమి అంచుకు చేరే లోపే. కార్తీకం నుంచి పుష్యం దాకా తూర్పు నుంచి తేమగాలి మెల్లగా ఈ వాలు ఎక్కుతుంది. రాత్రి చలి దానికి తోడవుతుంది. మైదానంలో తేటగా ఉన్న ఉదయం ఘాట్‌లో దారి కనబడకపోవడంలో విశేషం లేదు. కింది ఊళ్ళకు కొండ మీద మబ్బుగా కనిపించేదీ, ఘాట్‌లో లారీ నడిపేవాడికి పొగమంచుగా ఎదురయ్యేదీ ఒకటే.

చుక్క పుట్టిన క్షణం నుంచి అసలు కథ మొదలవుతుంది. అంతదాకా వంద మీటర్లకు ఒక డిగ్రీ చల్లబడిన గాలి, ఆవిరి తన వేడిని వదలడం మొదలుపెట్టాక సగం వేగంతోనే చల్లబడుతుంది. చుట్టూ ఉన్న గాలి కంటే వెచ్చగా, తేలికగా ఉండి మరింత పైకి లేస్తుంది. లేచిన కొద్దీ ఇంకా ఆవిరి నీరవుతుంది, ఇంకా వేడి వస్తుంది. తుఫానుకు ఇంధనం ఈ గుప్తోష్ణమేనని అమెరికన్ పరిశోధకుడు జేమ్స్ ఎస్పీ 1841లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. బ్లాక్ లెక్కకూ దీనికీ మధ్య ఎనభై ఏళ్ళు గడిచాయి. గాలివానకు గాలులు ఒకదానితో ఒకటి ఢీకొనడమే కారణమనీ, విద్యుత్తు కారణమనీ అప్పటిదాకా నమ్మకం.

ఆ ఇంధనం ఎంతో తెలుసుకోవడం అవసరం. ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే చేరేది 40 వేల లీటర్లకు పైగా నీరు. రైతు దాన్ని పదునుగా చూస్తాడు. ఆ నీరు పైన ఆవిరి నుంచి నీరయ్యేటప్పుడు 27 వేల యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడి గాలిలోకి విడుదలైంది. పది చదరపు కిలోమీటర్ల మేర మూడు సెంటీమీటర్ల వాన కురిపించిన ఒక మామూలు వేసవి ఉరుముల మబ్బు విడుదల చేసేది 20 కోట్ల యూనిట్లు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతా కలిసి ఒక రోజులో వాడే విద్యుత్తు దాదాపు ఆ స్థాయిలోనే ఉంటుంది. గంటలో వచ్చి పోయే మబ్బుకు చెట్లను కూల్చే బలం ఎక్కడిదన్న ప్రశ్నకు ఇదే జవాబు. అందులో అతి కొద్ది భాగమే గాలి కదలికగా మారుతుంది, ఆ కొద్దిభాగమే చాలు.

మేఘపు చుక్క మిల్లీమీటరులో నూరో వంతు పరిమాణంలో ఉంటుంది, గాలిలో తేలుతూనే ఉంటుంది. అటువంటివి పది లక్షలు కలిస్తే ఒక వానచుక్క. ఈ ప్రాంతం మీద వేసవిలో దాదాపు అయిదు కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత సున్నాకు దిగుతుంది. అక్కడి నుంచి పైన మేఘంలో గడ్డకట్టని అతిచల్లని చుక్కలూ, మంచు రేణువులూ కలిసి ఉంటాయి. చుక్కల నుంచి ఆవిరి రేణువుల మీదికి మారుతుంది, చుక్కలు వాటిని తాకి అక్కడికక్కడే గడ్డకడతాయి. గడ్డకట్టినప్పుడు గ్రాముకు 80 కేలరీలు అదనంగా బయటపడి మేఘాన్ని ఇంకా పైకి తోస్తాయి. సెకనుకు పది, ఇరవై మీటర్ల వేగంతో లేచే గాలి మోసినంతసేపు మంచు రేణువు పెరుగుతూ పోయి, ఇక మోయలేనప్పుడు వడగల్లుగా రాలుతుంది. ఎండలు మండే నెలలోనే వడగళ్ళు పడడానికి కారణం, అంత బలంగా గాలిని పైకి తోసే వేడి ఆ నెలలోనే ఉండడం.

రేణువులు రాసుకున్నప్పుడు విద్యుదావేశం విడిపోతుంది. తేలికైన స్ఫటికాలు ధనావేశంతో పైకి, బరువైన మంచు గుళికలు ఋణావేశంతో మధ్య భాగంలో చేరతాయి. తేడా హద్దు మీరినప్పుడు పిడుగు. దాని సన్నని మార్గంలో గాలి 30 వేల డిగ్రీల దాకా వేడెక్కి ఒక్కసారిగా పేలినట్టు వ్యాకోచిస్తుంది, అదే ఉరుము. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లూ ఒక కిలోమీటరు దూరం. తోటలో ఉన్నవారికి చెట్టు ఆసరాగా తోస్తుంది, కానీ నేల నుంచి నిలువుగా లేచిన తడి చెట్టే పిడుగుకు దగ్గరి దారి. చెట్టును తాకిన విద్యుత్తు పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది, వేళ్ళ చుట్టూ నేలలోనూ పరుచుకుంటుంది. ఏటా వేసవిలో ఈ రాష్ట్రంలో పిడుగుపాటుకు పోయే ప్రాణాల్లో చాలావరకు పొలాల్లో పని చేసుకునేవారివి, పశువులు కాసేవారివి. ఉరుము వినిపించగానే చెట్టు వదిలి పక్కా కప్పు కిందికి చేరడం ఒక్కటే రక్ష. ఈ మాట ఎన్ని సభల్లో చెప్పినా ఎక్కువ కాదు.

వానకు ముందు వచ్చే చల్లని ఈదురుగాలి గుప్తోష్ణానికి తిరుగు ముఖం. మేఘం నుంచి జారిన చుక్కలు కింద రెండు మూడు కిలోమీటర్ల పొడిగాలి గుండా రావాలి. దారిలో కొన్ని ఆవిరవుతాయి, ఆ వేడిని చుట్టూ ఉన్న గాలి నుంచి తీసుకుంటాయి. చల్లబడి బరువెక్కిన గాలి నేల మీదికి కూలి నలువైపులకూ పరుచుకుంటుంది. నిమిషాల్లో పది డిగ్రీలు పడిపోయేదీ, తోటలో కాయ నేలపాలయ్యేదీ అప్పుడే. కుండను చల్లబరిచిన సూత్రమే ఇక్కడ ఆకాశమంత విస్తీర్ణంలో పని చేస్తోంది. గాలి ఎంత పొడిగా ఉంటే కుండ అంత చల్లన, ఈదురుగాలి అంత బలం. మామిడి జల్లులతో పాటే మామిడి నష్టం కూడా రావడం యాదృచ్ఛికం కాదు.

ఋతుపవనాలకు వస్తే, వాటికి తొలి శాస్త్రీయ వివరణ ఎడ్మండ్ హేలీది. 1686లో ఆయన వ్యాపార పవనాల, ఋతుపవనాల పటం ప్రచురిస్తూ, నేలకూ సముద్రానికీ మధ్య వేడి తేడాయే కారణమన్నాడు. 1735లో జార్జ్ హాడ్లీ భూభ్రమణాన్ని చేర్చాడు. పాఠ్యపుస్తకాల్లో నేటికీ కనిపించేది ఈ వివరణే. అయితే ఒక చిక్కు ఉంది. రాయలసీమ నేల అత్యంత వేడిగా ఉండేది మే నెలలో, రోహిణి కార్తె ప్రవేశించే రోజుల్లో. వాన మొదలయ్యాక నేల చల్లబడుతుంది. వేడి తేడా ఒక్కటే కారణమైతే ఋతుపవనం అప్పుడు బలహీనపడాలి. జరిగేది దానికి విరుద్ధం. కరువు ఏడాదిలో నేల మరింత కాలుతుంది, ఋతుపవనం మాత్రం నీరసిస్తుంది. నేల వేడి ఋతుపవనాన్ని పిలుస్తుంది. నిలబెట్టేది మేఘాల్లో విడుదలయ్యే గుప్తోష్ణం. వాన కురవడం వల్లనే గాలి పైకి లేచి, ఆ ఖాళీలోకి సముద్రపు తేమగాలి వచ్చి, మళ్ళీ వానవుతుంది.

ఈ అవగాహనకు కరువులే ప్రేరణ కావడం చరిత్రలోని విషాదం. భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. మరుసటి ఏడాది మొదలైన మహాకరువు మద్రాసు ప్రెసిడెన్సీని 1878 దాకా పీల్చి పిప్పి చేసింది; నేటి రాయలసీమ దానికి గురైన ప్రాంతమే. 1899లో ఋతుపవనం మళ్ళీ విఫలమైంది. 1904లో శాఖ అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ ప్రపంచమంతటి వాయుపీడనాల లెక్కలు కూర్చి, హిందూ, పసిఫిక్ మహాసముద్రాల మధ్య పీడనం తక్కెడలా ఊగుతుందని కనుక్కున్నాడు. పసిఫిక్‌లో వాన కురిసే చోటు జరిగితే భారతదేశపు వాన తగ్గడానికి కారణం, గుప్తోష్ణం విడుదలయ్యే చోటు మారడమే.

పై ఆకాశాన్ని తెలుసుకోవడంలో భారతీయుల పాత్ర పెద్దది. 1929లో కె.ఆర్. రామనాథన్ ఒక వింత చూపాడు: నేల దగ్గర అత్యంత వేడిగా ఉండే భూమధ్యరేఖా ప్రాంతం మీదనే, పదహారు పదిహేడు కిలోమీటర్ల ఎత్తున గాలి అతి చల్లగా, సున్నాకు దిగువన 80 డిగ్రీల దాకా ఉంటుంది. ఉరుముల మేఘాలు ఉష్ణమండలపు గాలిని అంత ఎత్తుకు మోయడమే దానికి ఒక ముఖ్య కారణం. 1958లో తెలుగువాడైన పంచేటి కోటేశ్వరం, ఋతుపవన కాలంలో మన నెత్తిన దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమటికి గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగంతో ఒక గాలి ప్రవాహం సాగుతుందని నిరూపించాడు. ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహమని దాని పేరు. అది సాగే దారి ఇంచుమించు చెన్నై, చిత్తూరుల అక్షాంశం మీదుగానే. కింద నైరుతి గాలి, పైన తూర్పు గాలి. టిబెట్ పీఠభూమి వేడీ, ఉత్తరాన కురిసే వానల గుప్తోష్ణమూ కలిసి ఈ చక్రాన్ని తిప్పుతాయి.

ఈ చక్రంలో దక్షిణ రాయలసీమ స్థానం విచిత్రమైనది. నైరుతి గాలి పడమటి కనుమలెక్కి తన తేమను అక్కడే వదులుతుంది. ఎక్కేటప్పుడు వాన కురిపిస్తూ వంద మీటర్లకు అర డిగ్రీ చొప్పున చల్లబడిన గాలి, ఇవతలికి దిగేటప్పుడు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. బయలుదేరినప్పటికంటే పొడిగా, వెచ్చగా చేరుతుంది. ఇక్కడ జూన్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చే వాన ఎక్కువగా సాయంత్రమో రాత్రో కురిసే ఉరుముల వాన. అక్టోబరు నుంచి గాలి ఈశాన్యానికి మళ్ళి, 28 డిగ్రీల బంగాళాఖాతం మీదుగా వస్తుంది. స్వాతి, విశాఖ కార్తెల వాన అదే. ఏడాదికి 900 మిల్లీమీటర్ల పైచిలుకు కురిసే ఉమ్మడి చిత్తూరు జిల్లా వర్షంలో రెండు ఋతుపవనాల వాటా ఇంచుమించు సమానం. ఏడాదిని 27 కార్తెలుగా, ఒక్కొక్కటి పదమూడు పద్నాలుగు రోజులుగా పంచిన సంప్రదాయ లెక్క సూర్యగమనం మీద నిలిచింది గనుక ఋతువును బాగా పట్టుకుంటుంది. ఒక్కో ఏడాది తేడాలను అది చెప్పలేదు, అందుకు కొలతలు కావాలి.

ఆ కొలతలు జరిగే చోటు ఈ మండలానికి ఎంతో దూరంలో లేదు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే దారిలో, పాకాల దగ్గరి గాదంకిలో కొండల నడుమ ఉన్న జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల 1992లో జాతీయ ఎం.ఎస్.టి. రాడార్ కేంద్రంగా మొదలై, 2005లో నేటి పేరు పొందింది. అక్కడి రాడార్‌కు గిరగిర తిరిగే పళ్ళెం లేదు. నేల మీద వరసకు 32 చొప్పున 32 వరసల్లో, మొత్తం 1024 యాంటెన్నాలు పాతి ఉన్నాయి. అవి 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపుతాయి. తరంగదైర్ఘ్యం దాదాపు 5.7 మీటర్లు. వానచుక్క లేకపోయినా, మబ్బు లేకపోయినా తిరిగి ప్రతిధ్వని వస్తుంది. గాలి సుడుల్లో వక్రీభవన గుణకం మూడు మీటర్ల లోపు దూరాల్లో హెచ్చుతగ్గులవుతుంది, తరంగం ఆ హెచ్చుతగ్గులను తాకి వెనక్కి చెదురుతుంది. కింది అయిదారు కిలోమీటర్లలో ఆ హెచ్చుతగ్గులకు ముఖ్య కారణం నీటి ఆవిరే. తిరిగి వచ్చిన తరంగపు పౌనఃపున్యం ఎంత మారిందో చూస్తే గాలి ఎటు, ఎంత వేగంతో కదులుతోందో తెలుస్తుంది. ఉరుముల మేఘంలో గాలి నిలువుగా లేచే వేగం, కోటేశ్వరం చెప్పిన తూర్పు జెట్, రామనాథన్ చూపిన అతిశీతల సరిహద్దు, ఇవన్నీ ఈ 1024 యాంటెన్నాల మీదుగా నిమిషాల వ్యవధిలో నమోదవుతాయి. కంటికి కనిపించని ఆవిరిని, కనిపించని తరంగంతో కొలవడం ఈ జిల్లాల నేల మీదే సాధ్యమైందని విద్యార్థులు గర్వంగా తెలుసుకోవాలి.

ఆ కొలతల అవసరం ఇప్పుడు పెరిగింది. క్లాపెరాన్ 1834లో, క్లాసియస్ 1850లో తేల్చిన సూత్రం ప్రకారం, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలి పట్టుకోగల ఆవిరి దాదాపు ఏడు శాతం పెరుగుతుంది. మొదట్లో చెప్పిన నాలుగు అంకెల అర్థం అదే. వేడెక్కిన గాలి నేల నుంచి, చెరువుల నుంచి ఎక్కువ తడి లాగుతుంది. ఇప్పటికే ఇక్కడ గాలి ఏడాదిలో ఆవిరి చేయగల నీరు కురిసే వాన కంటే చాలా ఎక్కువ. మేఘం కట్టినప్పుడు మాత్రం ఇంధనం అధికం గనుక తక్కువ సమయంలో ఎక్కువ వాన కుమ్మరిస్తుంది. రెండు వానల మధ్య ఎడం పెరుగుతుంది. 2021 నవంబరు 18న బంగాళాఖాతంలోని వాయుగుండం తెచ్చిన తేమ శేషాచలం కొండలను తాకినప్పుడు తిరుమల ఘాట్ దారులు ప్రవాహాలయ్యాయి, తిరుపతి వీధులు మునిగాయి. మరునాడు చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి కింది ఊళ్ళలో ప్రాణాలు పోయాయి. ఒక్క సంఘటనను ఒక్క కారణానికి ముడిపెట్టడం శాస్త్రం కాదు. కానీ ఆ తరహా వానకు కావలసిన ఆవిరి పెరుగుతోందన్నది కొలిచిన సత్యం.

తక్కువ సమయంలో కుమ్మరించే ఆ వానను ఇక్కడ మోయవలసినవి చెరువులు. చిత్తూరు జిల్లాలో చెరువుల వ్యవస్థ పాలెగాళ్ళ కాలానికి ముందు నుంచీ ఉన్నది. ఒక్కో చెరువు కట్ట ఎత్తూ, మొరవ వెడల్పూ నాటివారు ఎరిగిన వానకు తగినట్టు అమరాయి. మొరవ మీదుగా ఒక గంటలో ఎంత నీరు పోవాలన్నది రోజు మొత్తపు వానను బట్టి కాక, ఆ గంటలో కురిసిన వానను బట్టి ఉంటుంది. ఇరవై నాలుగు గంటల్లో పది సెంటీమీటర్లు కురిస్తే నిలిచే కట్ట, అదే పది సెంటీమీటర్లు రెండు గంటల్లో కురిస్తే నిలవకపోవచ్చు. కాబట్టి మండలానికొక్క చోట రోజుకొక్కసారి వాన కొలిచే పాత పద్ధతి ఈ పనికి సరిపోదు. ప్రతి పరీవాహకంలోనూ పావుగంటకొకసారి తనంతట తాను నమోదు చేసే వానమాపకం ఉండాలి. ఆ లెక్కలు చెరువు మరమ్మతు అంచనాలు వేసే ఇంజనీరు బల్ల మీదికి చేరాలి. మొరవ వెడల్పులను ఆ లెక్కలతోనే తిరిగి కట్టాలి.